ఢిల్లీ లేఖ: ఎవరి కొలువు కోసం ఈ చదువు?

2021 జూలై 26వ తేదీన లోక్‌సభలో నినాదాల హోరు మధ్య, చర్చ లేకుండానే ఒక బిల్లు గట్టెక్కింది. హర్యానాలోని కుండ్లీలోనూ, తమిళనాడులోని తంజావూరులోనూ ఉన్న రెండు ఆహార సాంకేతిక విద్యాసంస్థలకు జాతీయ ప్రాముఖ్యం గల సంస్థలుగా హోదా కల్పించే బిల్లు అది. అదే రోజున పార్లమెంటుకు కొద్ది దూరంలో, జంతర్ మంతర్ వద్ద మహిళా రైతులు తమ ‘కిసాన్ సంసద్’ను సమావేశపరచి వ్యవసాయ చట్టాలను తూర్పారబడుతున్నారు. ఇక కుండ్లీ ఏ ఊరనుకున్నారు? 2020 నవంబరు నుంచి 2021 డిసెంబరు దాకా రైతులు ట్రాక్టర్లతో, గుడారాలతో తిష్ఠ వేసిన సింఘూ సరిహద్దుకు ఆవలి ఊరే అది. అక్కడి విద్యాసంస్థలో ఆహార, వ్యవసాయ వాణిజ్య నిర్వహణలో ఎం.బి.ఏ. పట్టా ఇస్తారు. కాంట్రాక్టు సేద్యం, ప్రైవేటు మార్కెట్లు, నిల్వల వ్యాపారం తరగతి గదిలో పాఠ్యాంశాలు. జాతీయ రహదారి మీద అవే పోరాటాంశాలు.

ఈ యాదృచ్ఛికంలో ఒక పెద్ద ప్రశ్న దాగి ఉన్నది. పొలానికీ పళ్లేనికీ నడుమ సాగే వ్యాపారాన్ని నడిపించే విద్యను మన విశ్వవిద్యాలయాలు దశాబ్దాలుగా నేర్పుతున్నాయి. ఆ విద్య ఎవరి పక్షాన పనిచేస్తున్నది?

చదువు కొత్తది కాదు. 1961లో నెలకొన్న అహమ్మదాబాదు మేనేజిమెంటు సంస్థ తొలినాళ్లలోనే వ్యవసాయ రంగానికి ప్రత్యేక శ్రద్ధ చూపింది. నేడు అక్కడ ఆహార, వ్యవసాయ వాణిజ్య నిర్వహణకు ప్రత్యేకంగా రెండేండ్ల కోర్సు ఉన్నది. లక్నో మేనేజిమెంటు సంస్థ కూడా ఇదే బాట పట్టింది. మన హైదరాబాదులో, రాజేంద్రనగర్‌లోని జాతీయ వ్యవసాయ విస్తరణ నిర్వహణ సంస్థ ‘మేనేజ్’ ఈ డిప్లొమాను బోధిస్తున్నది. ధరల అంచనా, ముందస్తు బేరాల మార్కెట్లు, శీతల గిడ్డంగుల ఏర్పాటు, నాణ్యతా ప్రమాణాలు, ఎగుమతి నిబంధనలు, బ్యాంకు పరపతి మొదలైనవన్నీ ఈ విద్యలో భాగాలే. నిజానికి ఇవన్నీ రైతుకు తెలియవలసిన విషయాలు. తనకు తెలియకపోతే తన తరఫున తెలిసినవాడు ఒకడైనా ఉండవలసిన విషయాలు.

కాని పట్టా పుచ్చుకున్న యువకులు ప్రధానంగా ఎక్కడికి వెళుతున్నారు? విత్తన కంపెనీలకు, ఎరువుల, పురుగుమందుల కంపెనీలకు, ఆహార పరిశ్రమలకు, బ్యాంకులకు. రైతుకు సరుకు అమ్మేవాడికి శిక్షణ పొందిన మేనేజరు ఉన్నాడు. రైతు నుంచి కొనేవాడికి ఉన్నాడు. అప్పిచ్చేవాడికీ ఉన్నాడు. ఈ బేరంలో మేనేజరు లేకుండా కూర్చున్నవాడు రైతు ఒక్కడే.

దీని పర్యవసానం ఏమిటో రెండు సరుకులను పోల్చిచూస్తే బోధపడుతుంది. వినియోగదారు టమాటాకు చెల్లించే ప్రతి రూపాయిలో రైతుకు చేరేది సుమారు 33 పైసలేనని 2024లో రిజర్వు బ్యాంకు వెలువరించిన ఒక పరిశోధన పత్రం అంచనా కట్టింది. ఉల్లికి 36 పైసలు, బంగాళాదుంపకు 37 పైసలు. పాల విషయంలోనో, రూపాయిలో 80 పైసల దాకా ఉత్పత్తిదారుకే ముట్టజెబుతున్నామని అమూల్ సహకార సమాఖ్య చెబుతున్నది. పాలు ఏడాది పొడవునా రోజుకు రెండు పూటలా వచ్చే సరుకు, టమాటా ఒక్కసారిగా మార్కెట్టును ముంచెత్తే సరుకు అన్న తేడాను విస్మరించరాదు. 1970లో మొదలైన క్షీర వెల్లువ పథకానికి విదేశాల నుంచి వచ్చిన పాలపొడి పెట్టుబడిగా తోడ్పడిందన్నదీ నిజమే. అయినా మౌలికమైన భేదం మరొకటి ఉన్నది. ఆనంద్‌లో మేనేజరుకు జీతమిచ్చే యజమాని పాడిరైతే.

1949లో ఆనంద్‌కు వచ్చిన వర్ఘీస్ కురియన్ జీవితాంతం తనను తాను రైతుల ఉద్యోగిగానే చెప్పుకొన్నారు. త్రిభువన్‌దాస్ పటేల్ వంటి రైతు నాయకుడు, కురియన్ వంటి నిపుణుడు జత కలిస్తేనే 1946లో పుట్టిన ఖేడా జిల్లా సంఘం మహావృక్షమైంది. అటువంటి నిపుణులను తయారుచేయడానికే 1979లో ఆనంద్‌లో గ్రామీణ నిర్వహణ సంస్థ ‘ఇర్మా’ వెలిసింది. అక్కడి విద్యార్థి పల్లెలో కొన్ని వారాలు కాపురముండి నేర్చుకోవడం చదువులో భాగం. 2025లో పార్లమెంటు చేసిన చట్టంతో ఆ సంస్థ త్రిభువన్ సహకారీ విశ్వవిద్యాలయంగా రూపుదాల్చింది. పేరు సముచితమే. అయితే విశ్వవిద్యాలయం పట్టభద్రులను తయారుచేయగలదు గాని, వారికి జీతమివ్వగల రైతు సంఘాలను తయారుచేయలేదు.

అసలు చిక్కు ఇక్కడే ఉన్నది. 2020లో కేంద్ర ప్రభుత్వం పదివేల రైతు ఉత్పత్తిదారుల సంఘాల పథకాన్ని ప్రారంభించి, 6,865 కోట్ల రూపాయలు కేటాయించింది. 2025 ఫిబ్రవరిలో బీహారులో పదివేలవ సంఘం నమోదైనట్లు ప్రకటించారు. లెక్క పూర్తయింది. కాని ఈ పథకం కింద సంఘం ముఖ్య కార్యనిర్వహణాధికారికి ఇచ్చే జీతపు సాయం నెలకు గరిష్ఠంగా 25,000 రూపాయలు, అదీ మూడేండ్లకే. అంటే సాలుకు మూడు లక్షలు. అహమ్మదాబాదులో రెండేండ్ల చదువుకు అయ్యే ఫీజు ఇరవై లక్షల రూపాయలు దాటింది. పైసా ఖర్చు పెట్టకుండా దాచినా ఆ ఫీజు తీరడానికి ఆరేండ్లకు పైగా జీతం ధారపోయాలి. బ్యాంకు అప్పు నెత్తిన పెట్టుకున్న యువకుడు కంపెనీ కొలువుకు పోతే అతనిని స్వార్థపరుడని నిందించడం న్యాయం కాదు. అతని దారిని నిర్ణయించింది ఆదర్శం కాదు, అంకగణితం.

రైతులు నిపుణులను పోషించలేరన్న వాదన కూడా చెల్లదు. ముల్కనూరులో 1956లో అలిగిరెడ్డి కాశీవిశ్వనాథ రెడ్డి నెలకొల్పిన సహకార సంఘం పరపతి, విత్తనాలు, ధాన్యం అమ్మకం ఒకే గొడుగు కిందికి తెచ్చి నేటికీ నిలిచి ఉన్నది. సర్కారు వాటా, సర్కారు పెత్తనం లేకుండా సంఘాలు నడుపుకొనే వీలు కల్పిస్తూ 1995లో దేశంలో తొలిసారిగా చట్టం చేసింది ఉమ్మడి ఆంధ్రప్రదేశే. ముల్కనూరు ఒక్క మూడేండ్లలో ముల్కనూరు కాలేదు. వ్యాపారం పెరిగి, మిగులు కూడి, జీతాలకు సత్తా వచ్చేవరకు ఓపిక పట్టింది. కొత్త సంఘాలకు మూడేండ్ల గడువు పెట్టిన ప్రణాళికాకర్తలు ఈ పాఠాన్ని చదివినట్లు లేదు.

కర్తవ్యం దుస్సాధ్యమేమీ కాదు. రైతు సంఘంలో అయిదేండ్లు పనిచేసిన పట్టభద్రుని విద్యా రుణాన్ని ప్రభుత్వం తీర్చవచ్చు. జీతపు సాయాన్ని మూడేండ్లతో తెంచివేయక, సంఘం వ్యాపారం పెరిగేకొద్దీ క్రమంగా తగ్గించవచ్చు. ప్రజాధనంతో నడిచే విద్యాసంస్థలు తమ పట్టభద్రులలో ఎందరు రైతు సంఘాలలో చేరారో ఏటా ప్రకటించవచ్చు. అత్యధిక జీతం ఎంత పలికిందో చాటుకునే సంస్థలకు ఈ లెక్క చెప్పడం భారం కాబోదు.

మూడు వ్యవసాయ చట్టాలు 2021 నవంబరులో రద్దయ్యాయి. రైతులు ఇళ్లకు మరలిపోయారు. కాని మదనపల్లె మార్కెట్టుకు టమాటా బుట్టలతో వచ్చే రైతు ఈనాటికీ ఒంటరిగానే బేరానికి నిలబడుతున్నాడు. చట్టం చేసినా, చట్టం రద్దు చేసినా తీరని ఒంటరితనం అది. అతని పక్కన నిలబడి లెక్క చెప్పగల చదువరి వచ్చేదాకా కొత్త విశ్వవిద్యాలయాల ప్రారంభోత్సవాలు ఢిల్లీకి సంబరమే తప్ప, పల్లెకు ఊరట కాజాలవు.