రంగుల పనివాని అనుభవమునకు ఆధారములు

గుడుపల్లె రైలు స్టేషను బెంగుళూరు–జోలార్‌పేట మార్గమున నున్నది. ఆ దారిన కూలికై బెంగుళూరు పోవు కుప్పము ప్రాంతపు జనములో గోడలకు రంగులు వేయువారును కలరు. ఇరువది యేండ్లు బ్రష్షు పట్టిన మనిషిని “నీ పనికి ఆధారమేమి?” యని యడిగినచో చేతులు చూపును గాని కాగితము చూపలేడు. చిగురుకుంట బంగారు గని 2001 లో మూతపడినది. గని పనివానికి హాజరుపట్టీ యైనను ఉండెడిది. రంగుల పనివాడు ఈ వారము ఒక యింట, పై వారము వేరొక యింట పనిచేయును. మేస్త్రీ జేబులోని చిన్న పుస్తకమే అతని హాజరుపట్టీ. కూలి పంపకము కాగానే దానిని పారవేయుదురు.

గుర్తింపు రెండు విధములు. ఈ రెంటిని కలిపివేయుట వలననే అనేక దరఖాస్తులు చెడుచుండును.

మొదటిది భవన నిర్మాణ కార్మికునిగా నమోదు. 18 సంవత్సరములు నిండి 60 నిండని వాడై, గడచిన పండ్రెండు మాసములలో 90 దినములకు తక్కువ కాకుండ నిర్మాణపు పని చేసిన వానిని నమోదు చేయవలెనని 1996 నాటి చట్టము విధించెను. 2020 నాటి సామాజిక భద్రతా స్మృతియు ఈ నియమమును నిలిపినది. కట్టడముల మరమ్మతు, సంరక్షణ కూడ నిర్మాణపు పనిలోనివే గనుక రంగులు వేయువాడు ఇందులకు అర్హుడే. నిర్మాణ వ్యయముపై నూటికి కనీసము ఒక రూపాయి చొప్పున వసూలగు సుంకముతో కార్మిక సంక్షేమ నిధి నడచుచున్నది. నమోదు కాని మనిషి పరంజా మీదినుండి పడినచో, నమోదైన వానికి ఆ నిధి నుండి లభించు సహాయము అతని యింటివారికి దక్కదు.

రెండవది నైపుణ్యపు గుర్తింపు. బడిలో నేర్వక పనిలోనే నేర్చిన విద్యను పరీక్షించి ధ్రువపత్రమిచ్చు పద్ధతి, 2015 లో ఆరంభమైన ప్రధానమంత్రి కౌశల వికాస యోజనలో భాగముగా వచ్చినది. ఇందు సంవత్సరముల లెక్క ఒక్కటియే చాలదు. గోడను శుభ్రపరచి, లప్పము పట్టించి, ఉప్పుకాగితముతో రుద్ది, ప్రైమరు వేసి, పిమ్మట పూతలు వేయుట పరీక్షకుని యెదుట చేసి చూపవలెను. మొదటిదానికి దినముల లెక్క ప్రధానము. రెండవదానికి చేతిపని ప్రధానము. రెంటికిని పనిచేసిన చోట్ల చిట్టా అక్కరకు వచ్చును.

ఆ చిట్టాను వ్రాయుట కష్టము కాదు. తేదీ, ఊరు, యజమాని పేరు, ఫోను నెంబరు, చేసిన పని, ముట్టిన కూలి – ఇంతే. తిరుగు రైలులో కూర్చుండి ఏ నాటికా నాడు వ్రాసిన పుస్తకమునకును, దరఖాస్తు ముందటి రాత్రి ఒకే కలముతో నింపిన పుస్తకమునకును భేదము చూడగనే తెలియును. యజమాని ఇచ్చు ఉత్తరమున “మంచి పనివాడు, నెమ్మదస్తుడు” అను మాటలు వ్యర్థము. ఏ తేదీ నుండి ఏ తేదీ వరకు, ఎన్ని దినములు, ఏ కట్టడమున, ఏమేమి చేసెనో వ్రాసి, చిరునామాతో సంతకము చేయవలెను. పని ముగిసిన నాడే ఈ ఉత్తరము నడుగవలెను. ఆరు మాసములకు పిమ్మట ఆ యిల్లు చేతులు మారవచ్చును.

కూలి ఫోను ద్వారా ముట్టుచున్నచో బ్యాంకు లెక్కలో తేదీ, పంపినవాని పేరు నిలిచియుండును. అది సొమ్ము ముట్టినదనియే చెప్పును, ఏ పనికో చెప్పదు. దానిని చిట్టాతో జతపరచినపుడే బలము. రంగుల దుకాణపు బిల్లు, పనికి ముందును తరువాతను ఒకే గోడను తీసిన ఫోటోలు కూడ అట్లే తోడుసాక్ష్యములు. రైలు సీజను టికెట్టు ప్రయాణమునకు సాక్ష్యము గాని పనికి కాదు. చాలమంది దానినే గట్టి ఆధారమని నమ్ముదురు.

ఒక్క యజమాని వద్దనే 90 దినములు గడువవలెనని యెంచరాదు. ఒకచోట 40, వేరొకచోట 28, మరియొకచోట 25 దినములు పనిచేసినచో మొత్తము 93. ముగ్గురి ఉత్తరములలోని తేదీలు ఒకదానిపై నొకటి పడకుండ చూచుకొనవలెను. ఒకే దినము రెండు ఉత్తరములలో నున్నచో మూడు ఉత్తరములును సందేహమునకు పాలగును.

ఇక పంచాయతీ సభ్యుల విషయము. మన కార్యాలయముననే కొన్ని గట్టి ఆధారములు కలవను సంగతి మరతుము. పంచాయతీ భవనమునకో, నీటి ట్యాంకునకో రంగులు వేయించినపుడు పని ఉత్తర్వు, కొలతల పుస్తకము, చెల్లింపు రసీదు ఉండును. వాటిలో గుత్తేదారు పేరు మాత్రమే యుండి, గోడయెక్కిన మనిషి పేరుండదు. ఇకమీదట పనివారి పేర్లతో, దినములతో ఒక హాజరుపట్టీ వ్రాయించి ఆ కాగితములకు చేర్చుట మన చేతిలోని పని. ఖర్చు ఒక తెల్లకాగితము.

సభ్యుడు తాను ఎరిగినదానికి మాత్రమే సంతకము చేయవలెను. ఫలానావాడు ఈ గ్రామవాసి, మా కార్యాలయమునకు ఈ తేదీలలో రంగులు వేసెను అని వ్రాయవచ్చును. బెంగుళూరులో 90 దినములు చేసెనని ఇచ్చట కూర్చుండి వ్రాయరాదు. మొగమాటము కొలది వ్రాసిన ఒక కల్ల కాగితము బయటపడినచో, ఆ ఊరినుండి వచ్చు నిజమైన దరఖాస్తులును అనుమానమునకు గురియగును.

పేర్ల విషయమున మరింత జాగ్రత్త వలయును. ఆధారు కార్డులో ఒక పేరు, మేస్త్రీ పిలుచునది వేరొక పేరు. ఉత్తరము పిలుపు పేరుతో వచ్చినచో పనికిరాకపోవచ్చును. స్త్రీల సంగతి ఇంతకన్న కష్టము. గోడ రుద్దునది, లప్పము కలుపునది, సున్నము వేయునది ఆమె. లెక్కలో భర్త పేరు క్రింద “ఇద్దరు” అని యుండును. భార్యాభర్తలు కలిసి పోవుచున్నచో ఆమె పేరుతో వేరుగా ఉత్తరము తెచ్చుకొనుమని సభ్యులు ముందుగనే చెప్పి పంపవలెను.

ఇల్లు ఆంధ్రలో, పని కర్ణాటకలో అగుట మన ప్రాంతపు ప్రత్యేక చిక్కు. రెండు రాష్ట్రములకు రెండు వేర్వేరు సంక్షేమ మండలులు కలవు. కావున ఇచ్చటి దినములను, అచ్చటి దినములను వేర్వేరు పుటలలో వ్రాసి, దరఖాస్తుకు ముందే ఆ పుస్తకమును సహాయ కార్మిక అధికారికి చూపి, ఎచ్చట నమోదు చేయవలెనో, ఎవరి సంతకములు కావలెనో తెలిసికొనవలెను. అసలు కాగితములు ఎవరికిని ఇచ్చివేయక నకళ్లు మాత్రమే ఇచ్చి రసీదు తీసికొనవలెను.