బెంజీన్: రుజువుకూ నిబంధనకూ మధ్య తొమ్మిదేళ్ళు

ఒక రసాయనం కేన్సరు కలిగిస్తుందని తేలగానే ప్రభుత్వం దానిని కట్టడి చేస్తుందని చాలామంది అనుకుంటారు. అమెరికాలో బెంజీన్ విషయంలో జరిగింది వేరు.

బెంజీన్ ముడిచమురులో సహజంగా ఉంటుంది. రబ్బరు, జిగురు, ప్లాస్టిక్ పరిశ్రమలలో దీని వాడకం ఎక్కువ. తేలికగా ఆవిరై, ఊపిరితో శరీరంలోకి చేరుతుంది. కాలేయం దానిని మార్చే క్రమంలో పుట్టే పదార్థాలు, రక్తకణాలు తయారయ్యే ఎముకల మూలుగను దెబ్బతీస్తాయి. 1970లలో ఇస్తాంబుల్‌లో, బెంజీన్ కలిసిన జిగురుతో బూట్లు తయారుచేసే కార్మికులలో ల్యుకేమియా కనిపించడాన్ని ముజఫ్ఫర్ అక్సోయ్ అనే వైద్యుడు నమోదు చేశాడు. 1977లో ఒహాయో రబ్బరు కార్మికులపై వెలువడిన అధ్యయనం ఈ సంబంధాన్ని బలపరిచింది.

అప్పటికి అమెరికా కర్మాగారాల గాలిలో బెంజీన్ పరిమితి 10 పీపీఎమ్, అంటే పదిలక్షల పాళ్ళ గాలిలో పది పాళ్ళు. కార్మికుల భద్రతను చూసే ఓషా సంస్థ 1978లో దీనిని 1కి తగ్గించింది. కేన్సరు కారకానికి నిరపాయమైన మోతాదు ఏదో తెలియనప్పుడు, పరిశ్రమకు సాధ్యమైనంత తక్కువకు దించాలన్నది ఆ సంస్థ వాదన. చమురు పరిశ్రమ కోర్టుకు వెళ్ళింది. 1980లో సుప్రీంకోర్టు న్యాయమూర్తులలో అయిదుగురు ఆ నిబంధన చెల్లదన్నారు; నలుగురు విభేదించారు.

పదార్థం ప్రమాదకరమని చూపితే చాలదు, ఇప్పుడున్న మోతాదులో గణనీయమైన ముప్పు ఉందని ప్రభుత్వమే ముందుగా చూపాలి అన్నది ప్రధాన తీర్పు రాసిన జస్టిస్ స్టీవెన్స్ అభిప్రాయం. వందకోట్లలో ఒకరికి వచ్చే ముప్పును పట్టించుకోనక్కరలేదు, వెయ్యిమందిలో ఒకరికి వస్తే పట్టించుకోవాలి అని ఆయన ఉదాహరణ ఇచ్చారు. ఇందులో న్యాయం లేకపోలేదు. కేన్సరు కారకాల పట్టికలు సాక్ష్యం ఎంత బలంగా ఉందో చెబుతాయి. ఏ మోతాదులో ఎందరికి హాని జరుగుతుందో చెప్పవు. అయితే ఆ లెక్క కట్టాలంటే ఎవరు, ఎంతకాలం, ఎంత పీల్చారో తెలియాలి. జబ్బు బయటపడడానికి ఏళ్ళు పడుతుంది. లెక్క తేలేదాకా ఆ అనిశ్చితి భారం కార్మికుడిపైనే పడుతుందని జస్టిస్ మార్షల్ తన భిన్నాభిప్రాయంలో అభ్యంతరం చెప్పారు.

ఓషా ముప్పును అంకెలలో లెక్కగట్టి, 1987లో తిరిగి అదే 1 పీపీఎమ్ పరిమితిని ప్రకటించింది. మధ్యలో గడిచిన తొమ్మిదేళ్ళ ఫలితంగా 30 నుంచి 490 వరకూ అదనపు ల్యుకేమియా మరణాలు సంభవించవచ్చని 1989 నాటి ఒక అధ్యయనం అంచనా వేసింది. ఈ రెండు అంకెల మధ్యనున్న దూరమే, కోర్టు కోరిన లెక్క ఎంత కష్టమైనదో చూపుతుంది.

ఓషా పరిమితి నేటికీ 1 పీపీఎమ్. వృత్తిసంబంధ ఆరోగ్యంపై పరిశోధించే ప్రభుత్వ సంస్థ నియోష్ సిఫారసు 0.1 మాత్రమే. సిఫారసుకు చట్టబలం లేదు.