లాస్ట్ విండో: పుస్తకంలా పట్టుకొని ఆడే అపరాధ పరిశోధన కథ

వీడియో గేమ్‌ను కథనరూపంగా పరిశీలించేవారు సాధారణంగా ఇతివృత్తం గురించి చర్చిస్తారు. ఆటగాడు ఆ కథను చదివే తీరును అంతగా పట్టించుకోరు. ‘లాస్ట్ విండో: ద సీక్రెట్ ఆఫ్ కేప్ వెస్ట్’ విషయంలో ఆ తీరే ప్రధానమైనది. జపాన్‌లోని ఫుకువోకాకు చెందిన సింగ్ సంస్థ రూపొందించిన ఈ ఆటను నింటెండో 2010 జనవరిలో జపాన్‌లో విడుదల చేసింది. 2007లో వచ్చిన ‘హోటల్ డస్క్: రూమ్ 215’కు ఇది కొనసాగింపు.

రెండింటిలోనూ కథానాయకుడు కైల్ హైడ్, న్యూయార్క్ పోలీసు శాఖను విడిచిన డిటెక్టివ్. మొదటి కథ 1979 డిసెంబరులో ఒక హోటల్లో జరుగుతుంది. రెండవ కథ 1980 డిసెంబరులో లాస్ ఏంజెలెస్‌లో జరుగుతుంది. హైడ్ ఉద్యోగం పోయింది. అతడు అద్దెకుంటున్న పాత భవనం కూల్చివేతకు సిద్ధంగా ఉంది. అప్పుడే ‘స్కార్లెట్ స్టార్’ను వెదకమంటూ అతనికి ఒక ఆకాశరామన్న ఉత్తరం అందుతుంది. ఆ వెదుకులాట అతని తండ్రి మరణ రహస్యం వైపు నడిపిస్తుంది.

రెండు తెరలున్న నింటెండో డీఎస్‌ను ఈ ఆటలో తెరిచిన పుస్తకంలా నిలువుగా పట్టుకోవాలి. సంభాషణ వేళ ఒక తెరపై హైడ్, ఎదురు తెరపై అవతలి వ్యక్తి కనిపిస్తారు. నటుల కదలికలను చిత్రీకరించి, వాటి ఆధారంగా గీసిన పెన్సిలు రేఖాచిత్రాలే ఈ పాత్రలు. ‘హోటల్ డస్క్’లో జిగ్సా పజిల్‌ను తిరగవేయాలంటే యంత్రాన్నే మూసి తెరవాలి. అక్కడ పరికరమే కథలో వస్తువైంది. కొనసాగింపు మరొక అడుగు ముందుకు వేసింది. అధ్యాయాలు పూర్తవుతున్న కొద్దీ ఆటలోనే ఒక నవల పెరుగుతూ వస్తుంది. ఆటగాడు ఎంచుకున్న మాటలనుబట్టి అందులోని పాఠం కొంత మారుతుంది. ఈ విధంగా పాఠకుడే పాక్షికంగా కర్త అవుతాడు.

సమీక్షకులు పాత్రచిత్రణను, వాతావరణాన్ని మెచ్చుకున్నారు. నడక మందమని, చదవవలసినది ఎక్కువని ఆక్షేపించారు. రెండవ ఆక్షేపణ పూర్తిగా న్యాయమైనది కాదు. నవలగా ఉద్దేశించిన రచనలో వేగాన్ని ఆశించడం ప్రక్రియను పొరబడటమే.

విడుదలైన రెండు నెలలకే, 2010 మార్చిలో, సింగ్ దివాలా ప్రకటించింది. సెప్టెంబరులో ఐరోపాకు చేరిన ఈ ఆట, కథాస్థలమైన అమెరికాలో మాత్రం విడుదల కాలేదు. డీఎస్ ఆటలకు సాధారణంగా ప్రాంతీయ నిర్బంధం లేనందున అమెరికన్ ఆటగాళ్లు ఐరోపా ప్రతిని తెప్పించుకొని ఆడగలిగారు.

‘హోటల్ డస్క్’ దర్శకుడు తైసుకే కనసాకి 2016లో ఆర్క్ సిస్టమ్ వర్క్స్ సంస్థకై ‘చేజ్: కోల్డ్ కేస్ ఇన్వెస్టిగేషన్స్’ రూపొందించాడు. రేఖాచిత్రణ శైలి పాతదే. కైల్ హైడ్ అందులో లేడు.