రెండేళ్లు వస్తుందని... పెద్ద బ్యాట్ కొంటున్నారా?

వేసవి సెలవులిచ్చారంటే చాలు... ఊరూరా క్రికెట్ శిబిరాలు మొదలైపోతాయి. తెల్లటి బట్టలు, వీపున కిట్టు, నెత్తిన టోపీ. ఇక ఇంట్లో తొమ్మిదేళ్ల బుజ్జిగాడు ఊరుకుంటాడా? అన్నం ముందు కూర్చుని అలక. బ్యాట్ కొనాల్సిందే! సరేనని నాన్న దుకాణానికి తీసుకెళ్తాడు. చిక్కంతా అక్కడే. స్కూలు యూనిఫాం రెండంగుళాలు వదులుగా కుట్టించినట్టు, బూట్లు ఒక సైజు పెద్దవి తీసుకున్నట్టు... బ్యాట్ కూడా 'ఎదిగే పిల్లాడు, రెండేళ్లు వస్తుందిలే' అని పెద్దదే కొనేస్తారు. ప్యాంటు పొడవైతే మడత పెట్టొచ్చు. బ్యాట్‌ని ఏం చేస్తాం?

ఏం కాదులే అనుకోవడానికి లేదు. చేతికి మించిన బ్యాట్ పట్టిన పిల్లల ఆట చూస్తే తెలిసిపోతుంది. బంతి వచ్చేసరికి బ్యాట్ ఇంకా పైనే ఉంటుంది. కుడిచేతి వాటం బ్యాట్స్‌మన్‌కి బ్యాట్‌ని నడిపించాల్సింది పై చెయ్యి, అంటే ఎడమ చెయ్యి. ఆ చేతికి బరువు ఆగదు కాబట్టి కింది చెయ్యి పెత్తనం తీసుకుంటుంది. దాంతో నేరుగా ఆడాల్సిన బంతిని కూడా అడ్డంగా లెగ్ సైడ్‌కి లాగేస్తాడు. పదేళ్లప్పుడు పడిన ఈ అలవాటు పదిహేనేళ్లకు మాన్పించాలంటే కోచ్‌కి తల ప్రాణం తోకకొస్తుంది. మణికట్టు, మోచేయి నొప్పులు దీనికి అదనం.

'సచిన్ బరువైన బ్యాట్‌తో ఆడలేదా?' అంటారు కొందరు. ఆడాడు. దాదాపు 1,400 గ్రాముల బ్యాట్ ఆయనది. కానీ అది సచిన్ చెయ్యి! ఆ చేతికీ 2004లో టెన్నిస్ ఎల్బో వచ్చింది, 2005లో శస్త్రచికిత్స చేయాల్సి వచ్చింది. నొప్పికి కారణాలు చాలా ఉండొచ్చు. పిల్లలకు మాత్రం ఆ పోలిక వద్దు.

వయసు కాదు... ఎత్తు

పిల్లల బ్యాట్లు ఒకటి నుంచి ఆరు సైజుల్లో దొరుకుతాయి. ఆ తర్వాత హారో, దానిమీద పెద్దవాళ్లు వాడే షార్ట్ హ్యాండిల్. చూడాల్సింది వయసు కాదు, ఎత్తు. నాలుగున్నర అడుగుల పిల్లాడికి సుమారుగా 3, అయిదడుగులుంటే 5, అయిదడుగుల నాలుగంగుళాలకు 6 సరిపోతాయి. హారో అవసరం వచ్చేది అయిదున్నర అడుగుల దగ్గర. కంపెనీని బట్టి కాస్త అటూ ఇటూ ఉంటుంది కాబట్టి పిల్లల్ని వెంట తీసుకెళ్లాలే తప్ప పుట్టినరోజుకి ఆశ్చర్యపరుద్దామని చాటుగా కొనుక్కురాకూడదు.

రెండు సైజుల మధ్య ఊగిసలాట వస్తే? చిన్నదే మేలు.

దుకాణంలోనే ఓ చిన్న పరీక్ష పెట్టొచ్చు. పై చేత్తో మాత్రమే హ్యాండిల్ పట్టుకుని, బ్యాట్‌ని పక్కకు భుజమెత్తున నేలకు సమాంతరంగా చాపమనాలి. ఇరవై లెక్కపెట్టేలోగా చెయ్యి వణికినా, కిందికి వాలినా ఆ బ్యాట్ పక్కన పెట్టేయడమే. త్రాసు మీద ఒకే బరువు తూగిన రెండు బ్యాట్లలో ఒకటి చేతిలో తేలిగ్గా, ఇంకోటి భారంగా అనిపిస్తుంది. చెక్క మందం కింది భాగంలో ఎక్కువుంటే బరువంతా అక్కడే లాగుతుంది మరి. అన్నట్టు, ఎడమచేతి వాటం పిల్లలకు వేరే బ్యాట్ అక్కర్లేదు. గ్లవ్స్ మాత్రం వేరుగా తీసుకోవాలి.

కశ్మీరా... ఇంగ్లిషా?

బ్యాట్‌కి వాడేది విల్లో చెట్టు కలప. ఇంగ్లండ్‌లో పెరిగిన విల్లో తెల్లగా, తేలిగ్గా ఉంటుంది. బంతి దూసుకెళ్తుంది... ధర కూడా! ఆ దుంగల నుంచి చీల్చిన చెక్కలే మేరఠ్‌కీ, జలంధర్‌కీ వచ్చి బ్యాట్లవుతాయి. 1947 విభజనప్పుడు సియాల్‌కోట్ నుంచి వచ్చిన కుటుంబాలతో ఆ రెండు ఊళ్లలో ఈ పరిశ్రమ వేళ్లూనుకుంది. ఇక కశ్మీర్ విల్లో కాస్త గోధుమ రంగులో, గట్టిగా, బరువుగా ఉంటుంది. అనంతనాగ్ జిల్లాలో శ్రీనగర్-జమ్ము రహదారి పక్కన ఆరబెట్టిన బ్యాట్ చెక్కల గుట్టలు బారులు తీరి కనిపిస్తాయి. మొదటి రెండు మూడేళ్లకు ఇది చాలు.

వీధిలో టెన్నిస్ బంతితో ఆడే పిల్లలకైతే అదీ ఎక్కువే. అయితే 'పాపులర్ విల్లో' పేరుతో అమ్మేది అసలు విల్లోనే కాదు, పాప్లర్ కలప. లెదర్ బంతికి అది నిలవదు. స్టిక్కర్ మీద ఏ ఆటగాడి సంతకం ఉందన్నది పిల్లలు చూస్తారు, చెక్క ఏమిటన్నది పెద్దలు చూడాలి. ఇంగ్లిష్ విల్లో ఎప్పుడు? పిల్లాడు జట్టులో నిలకడగా ఆడుతూ, ఎత్తు పెరగడం కాస్త నెమ్మదించాక. ఏడాదికో సైజు మారే వయసులో వేలకు వేలు పోయడం దండగ.

కొత్త బ్యాట్‌తో నేరుగా లెదర్ బంతి ఆడితే పగుళ్లు ఖాయం. ముందు పచ్చి అవిసె నూనె పట్టించాలి. ఉడికించిన నూనె పనికిరాదు. చెంచాడు నూనె మెత్తటి గుడ్డతో ముఖానికీ, అంచులకీ, అడుగుకీ రాసి, ఒక రాత్రంతా పడుకోబెట్టి ఉంచాలి. హ్యాండిల్ అతికిన చోటా, స్టిక్కర్ల మీదా తగలకూడదు. ఇలా రెండుసార్లు. ముఖానికి ప్లాస్టిక్ పొర అంటించి ఉంటే ఆ భాగాన్ని వదిలేయాలి. తర్వాత చెక్క సుత్తితో మెల్లగా మొదలుపెట్టి, క్రమంగా బలం పెంచుతూ కొట్టాలి. మొత్తం అయిదారు గంటల పని. రోజుకో అరగంట చొప్పున ఇంట్లో టకటక వినిపిస్తూనే ఉంటుంది... పక్కింటివాళ్లకు ముందే చెప్పుకోవడం మంచిది! అంచుల్ని నేరుగా కాక ఏటవాలుగా తట్టాలి. ఆపైన పాత బంతితో చిన్న చిన్న క్యాచులు. ఎండలో నిలిపిన కారు డిక్కీలో బ్యాట్ వదిలేస్తే ఈ శ్రమంతా వృథా, చెక్క ఎండి బీటలు వారుతుంది.

మరో మాట. చేతిలో డబ్బు పరిమితంగా ఉంటే కోత పెట్టాల్సింది బ్యాట్‌కే. లెదర్ బంతి ఆడేవాళ్లకు హెల్మెట్, గార్డు, ప్యాడ్లు, గ్లవ్స్ తప్పనిసరి. పెద్దల బంతి 156 నుంచి 163 గ్రాములు తూగుతుంది. పదమూడేళ్లలోపు పిల్లల బంతి 133 నుంచి 144 గ్రాములే అయినా, ముఖానికి తగిలితే చిన్న దెబ్బ కాదు. అన్నయ్య పాత హెల్మెట్ తలకు వదులుగా ఉంటే అది లేనట్టే.

కడప జిల్లా అమ్మాయి శ్రీచరణి ఆడిన భారత జట్టు 2025లో మహిళల ప్రపంచకప్ గెలిచింది. శిబిరంలో చేరతామని ఇంట్లో అడిగే ఆడపిల్లలకూ ఇవే కొలతలు. అన్నయ్య ఆడి వదిలేసిన సైజు 4 బ్యాట్ చెల్లెలికి సరిగ్గా అందితే కొత్తది కొనక్కర్లేదు. పగుళ్లు లేవని చూసుకుని, కొత్త గ్రిప్ వేయించి, ఒకసారి నూనె పట్టిస్తే చాలు. బాగా ఆడిన బ్యాట్ కాబట్టి సుత్తితో కొట్టే పనీ తప్పుతుంది.