చుక్క కారే కుళాయికి వాషరే మందు

వంటింటి కుళాయి కట్టినా చుక్క ఆగకపోతే చాలా ఇళ్లలో ఇంకా బలంగా బిగిస్తారు. కుళాయి చెడేది అక్కడే. లోపల అరిగిన రబ్బరు వాషరు మరింత నలిగిపోతుంది, అది ఆనే ఇత్తడి అంచుకు గాట్లు పడతాయి. సెకనుకో చుక్క అయితే రోజుకు 86,400 చుక్కలు. 20 చుక్కలు ఒక మిల్లీలీటరనుకున్నా 4 లీటర్లు దాటుతాయి. అంటే ఇద్దరు మనుషుల ఒక రోజు తాగునీరు. పొద్దుట కాసేపు వచ్చే నీటితో ట్యాంకు నింపుకొనే ఇంట ఇది తక్కువ నష్టం కాదు.

పిడి చాలాసార్లు తిప్పితేగాని కట్టుకోని పాతరకం ఇత్తడి కుళాయి అయితే పట్నం నుంచి ప్లంబరును పిలవనక్కరలేదు. ముందు ట్యాంకు వాల్వు కట్టేసి, కుళాయి తెరిచి గొట్టంలో మిగిలిన నీరు పోనివ్వాలి. అలా తెరిచే ఉంచి పైభాగాన్ని పానాతో ఎడమకు తిప్పితే ఊడివస్తుంది. కుళాయిని రెండో చేత్తో గట్టిగా పట్టుకోవాలి, లేకుంటే గోడలోని గొట్టం మెలిపడుతుంది. అడుగున వాషరు కనిపిస్తుంది. పాతది కొట్టుకు పట్టుకెళ్లి అదే సైజుది తెచ్చుకోవడం మేలు. సైకిలు ట్యూబు ముక్క కోసి వేసేవారూ ఉన్నారు గాని, అది నాలుగురోజుల ముచ్చటే.

కొత్తది వేసేముందు లోపలి అంచును వేలితో తడిమి చూడాలి. నొక్కులు తగిలితే వాషరు మార్చినా చుక్క ఆగకపోవచ్చు, అప్పుడు కుళాయే మార్చాల్సి రావచ్చు.

నీరు పిడి కింద ఊరుతుంటే తప్పు వాషరుది కాదు. అక్కడి నట్టు కాస్త బిగిస్తే చాలావరకు ఆగిపోతుంది. పావు చుట్టుకే తెరుచుకునే కొత్తరకం కుళాయిల్లో మాత్రం ఈ వాషరు ఉండదు.