జీర్ణాశయం లేని మనిషి భోజనం

1897లో జూరిచ్ నగరంలో కార్ల్ ష్లాటర్ అనే సర్జన్ 56 ఏళ్ల మహిళకు క్యాన్సర్ పట్టిన జీర్ణాశయాన్ని పూర్తిగా తీసేసి, అన్నవాహికను నేరుగా చిన్నపేగుకు కలిపి కుట్టాడు. ఆమె ఏడాదికి పైగా బతికింది. జీర్ణాశయం లేకపోయినా ప్రాణం నిలుస్తుందని అప్పుడే తేలిపోయింది. ఆ మనిషి ఎలా తినాలి, ఏం తినాలి అన్న చిక్కు మాత్రం ఇవాళ్టికీ ప్రతి ఇంట్లో కొత్తగానే మొదలవుతోంది.

జీర్ణాశయం తిన్నదాన్ని దాచుకుంటుంది, యాసిడ్‌తో నానబెట్టి మెత్తగా నూరుతుంది. ఆ తరవాత అడుగున ఉన్న కవాటం గుండా కొంచెం కొంచెంగా పేగులోకి వదులుతుంది. చెరువుకు తూము ఎంతో తిండికి ఈ కవాటం అంత. అది పోతే మింగినదంతా ఒక్కసారిగా చిన్నపేగులో పడుతుంది. అందులో చక్కెర ఎక్కువగా ఉంటే, దాన్ని పలచబరచడానికి రక్తంలోని నీరు పేగులోకి వచ్చేస్తుంది. తిన్న అరగంట లోపే గుండె దడ, చెమటలు, కడుపులో మెలిపెట్టడం, విరేచనం. డంపింగ్ సిండ్రోమ్ అంటే ఇదే. దీనికి రెండో విడత కూడా ఉంది. చక్కెర వేగంగా రక్తంలోకి ఎక్కడంతో ఇన్సులిన్ మోతాదు మించి వస్తుంది. ఒకటి నుంచి మూడు గంటల్లో షుగర్ పడిపోయి వణుకు, కళ్లు తిరగడం మొదలవుతాయి.

ఇప్పుడు ఆపరేషన్ అయిన మనిషిని చూడడానికి వచ్చే బంధువుల చేతిసంచులు గుర్తు చేసుకోండి. గ్లూకోజు పొడి, బత్తాయి రసం, తీపి బిస్కెట్లు. ఇంట్లోవాళ్లు బెల్లం వేసి పల్చగా రాగిజావ కాస్తారు. ప్రేమకేం లోటు లేదు కానీ, ఈ రోగికి తీపిగా, పల్చగా ఉన్నవే ఎక్కువ ఇబ్బంది పెడతాయి. ఆస్పత్రిలో మొదటి రోజుల పల్చని ఆహారం దాటాక మెత్తటి ఇడ్లీ, గట్టి పెరుగు, మెత్తగా ఉడికించిన పప్పన్నం, గుడ్డు, ముల్లు తీసిన చేప నయం. నీళ్లు అన్నంతో పాటు కాకుండా, అరగంట ముందో అరగంట తరవాతో గుక్క గుక్కగా తాగాలి. షుగర్ పడిపోయి వణుకుతున్నప్పుడు మాత్రం కాస్త చక్కెర నోట్లో వేయాల్సిందే. తేరుకున్నాక పెసరట్టు ముక్కో గుడ్డో తినిపిస్తే మళ్లీ పడిపోకుండా ఉంటుంది.

మన పథ్యం ఇంకో చిక్కు తెచ్చిపెడుతుంది. పప్పు తింటే చీము పడుతుందని, గుడ్డు వేడి చేస్తుందని కుట్లు మానేదాకా చారన్నంతో సరిపెట్టే ఇళ్లు ఇప్పటికీ ఉన్నాయి. కుట్లు మానేదే ప్రొటీన్‌తో. పెద్ద ఆపరేషన్ తరవాత శరీర బరువులో కిలోకు రోజుకు 1.5 గ్రాముల దాకా ప్రొటీన్ కావాలంటారు డైటీషియన్లు. అంటే 60 కిలోల మనిషికి 90 గ్రాములు. ఒక గుడ్డులో వచ్చేది 6 గ్రాములే. కిడ్నీ జబ్బు ఉన్నవాళ్ల లెక్క వేరు, అది డాక్టర్ చెప్పాలి. మిగతావాళ్లకు చారన్నంతో ఈ లెక్క ఏ జన్మకూ తెమలదు. మొత్తం జీర్ణాశయం తీసేసినవాళ్లు తరచుగా తమ బరువులో పదో వంతు, ఒక్కోసారి ఐదో వంతు కూడా పోగొట్టుకుంటారు. అందులో చాలా భాగం మొదటి కొన్ని నెలల్లోనే పోతుంది. కండ కూడా కరిగిపోతుంది. సరిగ్గా ఆ నెలల్లోనే కీమోథెరపీ ఉంటుంది, నీరసించిన ఒళ్లు దాన్ని తట్టుకోలేదు. అందుకే కొందరు సర్జన్లు ఆపరేషన్ సమయంలోనే చిన్నపేగులోకి సన్నటి గొట్టం అమర్చి, కొన్నాళ్లు దాని ద్వారా కూడా ఆహారం పంపుతారు.

"ఆకలైతే అడుగుతాడులే" అని ఊరుకోవడానికీ లేదు. ఆకలి పుట్టించే గ్రెలిన్ హార్మోన్‌ను 1999లో జపాన్ శాస్త్రవేత్తలు కొజిమా, కంగవా కనిపెట్టారు. అది ఎక్కువగా తయారయ్యేది జీర్ణాశయం పైభాగంలో. ఆ భాగం పోయాక ఆకలి సరిగ్గా వేయదు. ఆకలి లేదు కదా అని వదిలేస్తే రోజుకు రెండు ముద్దలతోనే సరి. కాబట్టి గడియారం చూసి పెట్టాలి. రెండు మూడు గంటలకోసారి, ప్రతిసారీ చిన్న గిన్నెడు, బాగా నమిలి. నూరే పని ఇప్పుడు పళ్లదే మరి. మలం జిడ్డుగా, నీళ్ల మీద తేలుతూ ఉంటే కొవ్వు అరగడం లేదని అర్థం. క్లోమరసం, పైత్యరసం తిండితో సరైన వేళకు కలవకపోవడమే చాలాసార్లు కారణం. డాక్టర్‌కు చెబితే భోజనంతో పాటు వేసుకునే ఎంజైమ్ క్యాప్సూల్స్ రాస్తారు.

ఇవన్నీ ఎలాగో అలవాటవుతాయి. ఏళ్ల తరవాత, అందరూ మరిచిపోయాక వచ్చేది విటమిన్ బి12 లోటు. 1920ల చివర్లో బోస్టన్‌లో విలియం క్యాసిల్ అనే డాక్టర్ ఒక వింత ప్రయోగం చేశాడు. తాను తిన్న మాంసాన్ని గంట తరవాత కక్కి, దాన్ని గొట్టం ద్వారా ప్రాణాంతక రక్తహీనత ఉన్న రోగులకు ఎక్కించాడు. వాళ్ల రక్తం మెరుగుపడింది. ఉత్త మాంసం తిన్నవారికి గుణమివ్వలేదు. అంటే జీర్ణాశయం ఊరించే పదార్థమేదో ఉంది, అది ఉంటేనే మాంసంలోని మందు ఒంటబడుతుంది. ఆ మందే బి12 అని తరవాత తెలిసింది. జీర్ణాశయం మొత్తం పోయినవాళ్లలో ఆ పదార్థం ఊరదు. కాలేయంలో దాచిన నిల్వ కొన్నేళ్లు నెట్టుకొస్తుంది కనుక లోటు వెంటనే బయటపడదు.

ఇక్కడ మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు పని గుర్తుకొస్తుంది. అమెరికాలో లెడర్లీ ప్రయోగశాలలో ఆయన బృందం 1945లో ఫోలిక్ యాసిడ్‌ను కృత్రిమంగా తయారు చేసింది. అది బి12 లోటు వల్ల వచ్చిన రక్తహీనతనూ సరిచేసేది, కానీ అదే లోటు వల్ల నరాలకు తగిలే దెబ్బను ఆపలేదని త్వరలోనే తేలింది. జీర్ణాశయం లేనివాళ్లకు ఐరన్ కూడా సరిగ్గా ఒంటబట్టదు కాబట్టి వాళ్లకు ఐరన్ మాత్రలు రాస్తారు. ఆ మాత్రల్లో చాలావాటిలో ఫోలిక్ యాసిడ్ కలిసే ఉంటుంది. దాంతో రక్త పరీక్ష బాగానే ఉన్నట్టు కనిపిస్తుంది, అరికాళ్లలో తిమ్మిర్లు మాత్రం పెరుగుతూ పోతాయి. అందుకే హిమోగ్లోబిన్ ఒక్కటే చూసి తృప్తిపడకుండా బి12 పరీక్ష కూడా చేయించాలి. జీర్ణాశయం మొత్తం తీసేసినవాళ్లకు డాక్టర్లు సాధారణంగా నెలకో, మూడు నెలలకో ఒక బి12 ఇంజెక్షన్ రాస్తారు. దాన్ని జీవితాంతం వేయించుకోవాలి.