బురదలో దాగిన బాలుడు



2025 ఏప్రిల్ 14న అమెరికాలోని హ్యూస్టన్ నగరవాసులు సభ జరిపి ఒక బాక్సరును ఘనపరిచారు. ఆయన జార్జ్ ఫోర్‌మన్. ఆ ఏడు మార్చి 21న, 76వ యేట ప్రభువునందు నిద్రించారు.

ఆ నగరంలోనే ఫిఫ్త్ వార్డు అనే పేదల పేటలో పెరిగిన జార్జ్ బడి మానేసి, దారిన పోయేవారిని కొట్టి డబ్బు లాక్కునేవాడు. ఒకసారి పోలీసు కుక్కలు వాసన పట్టకుండా ఒంటికి బురద పూసుకొని ఒక ఇంటి కింద దాక్కున్నాడు. తాను దొంగనైపోయానని అక్కడే తెలుసుకున్నాడు.

పేద యువకులకు పని నేర్పే ప్రభుత్వ శిక్షణ శిబిరంలో 1965లో చేరాడు. అక్కడ డాక్ బ్రాడస్ అనే పెద్దాయన అతనికి బాక్సింగు నేర్పాడు. 1968లో ఒలింపిక్ బంగారు పతకం, 1973లో ప్రపంచ విజేత బిరుదు వచ్చాయి. అయినా కోపం పోలేదు. 1977లో ఓడిపోయిన రాత్రి ప్రభువును అంగీకరించి, బాక్సింగు విడిచి, హ్యూస్టన్‌లో సంఘ కాపరి అయ్యారు.

1984లో అక్కడి కుర్రవాళ్ల కొరకు యువజన కేంద్రం తెరిచారు. దాన్ని నడపడానికి డబ్బు చాలక 1987లో మళ్లీ పోటీలకు దిగారు. 1994లో, 45వ యేట, తిరిగి ప్రపంచ విజేత అయ్యారు!

తల్లిదండ్రులారా, సంఘ పెద్దలారా! రావులపాలెం సెంటరులో పొద్దుపోయేదాకా తిరిగే కుర్రవాణ్ణి చూచి చెడిపోయాడని తీర్పు తీర్చకండి. మీలో వడ్రంగి, తాపీ, మోటారు పని తెలిసినవారున్నారు. ఈ ఆదివారం ఆరాధన తర్వాత ఒక్కరైనా వెళ్లి అతణ్ణి పేరు పెట్టి పిలవండి, పనిలో పెట్టుకోండి.